మంగళారం కార్జం

మంగళారం పొద్దున ఆరున్నరకి
కొర్లగుంట మార్కెట్లో నా కొట్టు ముందర
స్కూటీ ఆపుతాది ఆయమ్మ.
హెల్మెట్ తియ్యదు.
"దస్తగిరీ, రెండు కార్జాలు. కొయ్యొద్దు."

మంగళారం బేరాలుండవు,
సగం ఊరు ముట్టదు.
జనం ఉండరనే ఆ పొద్దు వస్తాదేమో.
"ఇంట్లో ఎంతమందమ్మా?" అని అడిగితి మొదట్లో.
"ఇంట్లో ఎవరూ తినరు."
"మరి?"
"సూదితో కాలుస్తా."
ఉప్పెయ్యకుండా, మిరియాలెయ్యకుండా
కార్జాన్ని సూదితో కాల్చే మనిషిని
కత్తి పట్టిన ముప్పై ఏండ్లలో నేను చూడలే.

రాన్రానూ తెలిసింది.
స్కానింగు డాక్టరంట, వకుళమ్మ.
మనిషి కార్జంలో గడ్డ లేస్తే
కడుపు కొయ్యకుండా సూది లోపలికి పంపించి
గడ్డని ఉన్నచోటే ఉడకబెట్టేస్తారంట.
దోవ చూపించేది శబ్దం.
మన చెవికి దొరకని శబ్దం
లోపలికి పోయి, తగిలి, తిరిగొచ్చి
తెర మీద బూడిదరంగు బొమ్మవుతాదంట.

"ఇంకేం తక్కువమ్మా?" అంటి.
"ఉడికేటప్పుడు బుడగలు లేస్తాయి దస్తగిరీ.
తెరంతా తెల్లగా అయిపోతుంది.
ఎక్కడిదాకా ఉడికిందో, ఎక్కడ పచ్చిగా మిగిలిందో
ఆ తెలుపు వెనక కనపడదు."
చెయ్యెత్తి కొండపక్క చూపించింది.
ఆ పొద్దు మబ్బు దిగి ఉండె,
ఏడు కొండల్లో ఒక్కటీ లేదు.
"ఉందని తెలుసు. అంచు ఎక్కడో చెప్పు చూద్దాం."

నేను నవ్వితి. ఆయమ్మ నవ్వలే.

నాకు తెలిసిన విద్య ఒకటుండాది.
కార్జం చేతిలో పడితే బొటనవేలే చెప్తాది.
మెత్తగా జారితే మంచిది.
గరగరమన్నా, లోపల గోలీ మాదిరి తగిలినా
కుక్కలకి కూడా వెయ్యను, పూడ్చేస్తా.
ఈ మాట విని హెల్మెట్ తీసింది, మొదటిసారి.
"పూడ్చొద్దు. అవీ నాకియ్యి."

అప్పట్నుంచీ మంచివి రెండు, దొరికితే చెడ్డదొకటి.
చెడ్డదానికీ దుడ్లిస్తాది, వద్దంటే వినదు,
బిల్లు రాయమంటాది.
నా బతుకులో బిల్లు రాసింది ఆయమ్మకే.
'పరిశోధన నిమిత్తం' అని రాయించింది,
ఒత్తు యాడొస్తాదో రెండుసార్లు చెప్పి.

ఒకనాడు కాల్చిన కార్జం డబ్బాలో తెచ్చి
నా మొద్దు మీద పెట్టింది.
"కొయ్యి. సరిగ్గా నడిమికి."
కోస్తి.
నడుమ సూదిదోవ, నల్లగా.
చుట్టూ ఉడికిన పాలిన తెలుపు,
దాని చుట్టూ గులాబీ గీత.
గీత దాటితే పచ్చి.
స్కేలు పెట్టి కొలిచింది. సెల్లులో బొమ్మ చూసింది.
మళ్ళీ కొలిచింది.
"నా బొమ్మ అబద్ధం చెప్పింది. మూడు మిల్లీమీటర్లు."
"మూడేనా!" అంటి.
నా తక్కెట్లో అంతకన్నా ఎక్కువే జారుంటాది.

అప్పుడు చెప్పింది,
చంద్రగిరి పక్క శెనక్కాయల మిల్లులో ఒకాయప్ప సంగతి.
పేరు చెప్పలే.
బూజు పట్టిన కాయలు ఏరడం పని,
ఏరినవి పారెయ్యలేక ఇంటికి మోసుకుపోయేవాడంట.
నేను పూడ్చేస్తా. ఆయప్ప తినేసినాడు.
గుండు చూసి మందులకి రాలిందనుకున్నారంట వార్డులో.
కాదు, మొక్కు. సూది పొడవకముందే చెల్లించేసినాడు.
బాగయినాక ఇయ్యొచ్చు కదా అంటే,
"అప్పు పెట్టుకోని పడుకుంటే
సూదికి ఇంకా భయమేస్తాది మేడం" అన్నాడంట.
గడ్డ చచ్చింది.
పదకొండు నెలలకి మళ్ళీ లేసింది,
నడుమ కాదు, అంచులో.

డబ్బా మూత పెట్టి
శానాసేపు మూత మీదే చెయ్యి పెట్టుకోని నిలబడింది.
నేను మొద్దు కడిగితి.

ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పట్టకుంటే
నా కుడి డొక్క కింద బొటనవేలు నొక్కి చూసుకుంటా.
ఏమీ చెప్పదు.
ముప్పై ఏండ్ల విద్య, తోలు అడ్డమొస్తే అంతే.

ఈ వారం ఏడయినా రాలే ఆయమ్మ.
చెడ్డదొకటి పడింది, గోలీలు మూడు.
కవర్లో చుట్టి ఐసులో పెట్టి
పైన కాగితమ్మీద రాస్తి,
పరిశోధన నిమిత్తం.

ఒత్తు సరిగ్గానే వచ్చింది.